మధుమేహం – మూలికలు – పరిశోధన: ఒక చారిత్రక పరిశీలన

మధుమేహాన్ని మన దేశంలో ఎవరికీ కొత్తగా పరిచయం చేయవలసిన అవసరం లేదు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఒకప్పుడు పట్నవాసపు సంపన్నుల జబ్బుగా భావించిన ఈ రోగం ఈనాడు నరసన్నపేట వంటి చిన్న పట్టణాలలోను, వాటి చుట్టుపట్ల పల్లెలలోను ఇంటింటి మాట అయినది. మస్జిదులో నమాజు ముగిసి నలుగురూ వసారాలో కూర్చుంటే "ఈసారి షుగరు ఎంత వచ్చింది?" అన్న ప్రశ్న, "ఫలానా ఆకు వాడి చూడు భాయీ" అన్న సలహా – ఈ రెండూ రాక మానవు.

ఆ సలహా వెంట తరచుగా ఒక వాదం కూడా వినవస్తూ ఉంటుంది. మన హకీములు వెయ్యేళ్ళ క్రితమే మూలికలతో ఈ రోగాన్ని కుదిర్చారు గదా, ఇబ్నె సీనా చెప్పిన మందులు ఉండగా ఈ ఇంగ్లీషు బిళ్ళలు ఎందుకు అని. ఈ మాట అనేవారిలో పూర్వుల పట్ల గౌరవం ఉన్నది, సందేహం లేదు. కాని దాని ఫలితం మాత్రం మంచిది కాదు. వైద్యుడు వ్రాసి ఇచ్చిన బిళ్ళలను, ఒక్కొక్కప్పుడు ఇన్సులిన్‌నే మానివేసి, పొట్లంలో కట్టి ఇచ్చిన పొడిని నమ్ముకొన్నవారు కొందరు కాలి పుండ్లతో, మందగించిన చూపుతో, దెబ్బతిన్న మూత్రపిండాలతో చివరకు ఆసుపత్రికే చేరుకొంటున్నారు.

కనుక ఆ వాదాన్ని చరిత్ర ముందు నిలబెట్టి చూడటం అవసరం. మన పూర్వులు మనకు వదలి వెళ్ళిన ఆస్తి ఏది? కొన్ని ఆకుల, వేళ్ళ పేర్లా? లేక ఆకును, వేరును పరీక్షించే పద్ధతా? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం వెదికే ప్రయత్నం.

రెండు పేర్లు, రెండు పరిశీలనలు

అనువాద వృత్తిలో ఉన్నవారికి పేర్లను ఊరక దాటిపోవడం సాధ్యం కాదు. ఒక వస్తువుకు ఒక జాతి పెట్టుకొన్న పేరులో, ఆ జాతి దానిలో ముందుగా ఏమి గమనించినదో దాగి ఉంటుంది. క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో జీవించిన గ్రీకు వైద్యుడు అరెటియస్ వాడిన 'దయాబిటీస్' అన్న మాటకు 'గుండా దాటిపోవడం' అని అర్థం. త్రాగిన నీరు శరీరంలో నిలవక గొట్టం గుండా పోయినట్లు పోతున్నదని అతని పరిశీలన.

ఈ మాట అరబ్బీలోకి వచ్చినప్పుడు మన హకీములు దాని ధ్వనిని నిలుపుకొంటూనే, సొంతంగా కొన్ని పేర్లు చేర్చారు. షేఖుర్రయీస్ ఇబ్నె సీనా (మరణం హి. 428 / క్రీ. 1037) తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'లో ఈ రోగానికి దూలాబ్, దవ్వారా అనే పేర్లు పేర్కొన్నారు. దూలాబ్ అంటే బావి నుండి నీరు తోడే చక్రం. చక్రపు కుండలు ఒక వైపు నిండుతూ, మరొక వైపు ఒలుకుతూ ఉన్నట్లు రోగి త్రాగుతూ, విసర్జిస్తూ ఉంటాడు. ఎంత చక్కని పోలిక!

మన దేశపు వైద్యులు గమనించినది మరొకటి. చరక, సుశ్రుత సంహితలు ఈ రోగానికి ఇచ్చిన 'మధుమేహం' అన్న పేరులోనే మూత్రపు తీపి ఉన్నది. పుట్టుకతో సంక్రమించేది ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది మరొకటి అని, మొదటిదానిలో రోగి కృశించి ఉంటాడని, రెండవదానిలో స్థూలకాయుడై ఉంటాడని సుశ్రుతుడు విభజించాడు. ఈనాటి మొదటి రకం, రెండవ రకం అన్న విభజనకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో పాఠకులు గమనించగలరు.

ఈ రెండు ధారలు వేర్వేరుగా ఉండిపోలేదు. అబ్బాసీ ఖలీఫాల కాలంలో సుశ్రుత సంహిత అరబ్బీలోకి తర్జుమా అయినది. హి. 235 (క్రీ. 850)లో అలీ ఇబ్నె రబ్బన్ తబరీ పూర్తి చేసిన 'ఫిర్దౌసుల్ హిక్మా'లో చివరి భాగం భారతీయ వైద్యానికే కేటాయించబడినది. తెలియని విషయాన్ని పరాయివాని నుండి నేర్చుకోవడం తక్కువతనమని ఆ కాలపు ముస్లిం విద్వాంసులు తలచలేదు.

గురువు మాట, కంటి సాక్ష్యం

ఇబ్నె సీనా ఈ రోగాన్ని మూత్రపిండాల వ్యాధుల ప్రకరణంలో చేర్చారు. మూత్రపిండాలలో వేడి పెరిగి అవి శరీరంలోని నీటిని లాగివేస్తున్నవని ఆయన భావించారు. అందుచేత చలువ చేసే పదార్థాలే చికిత్స. ఆనాటికి అందుబాటులో ఉన్న సిద్ధాంతాన్ని బట్టి అది సమంజసమే. కాని రోగస్థానం మూత్రపిండం కాదని తరువాత తేలినది. 1776లో ఇంగ్లండులోని మాథ్యూ డాబ్సన్ అనే వైద్యుడు రోగి మూత్రాన్ని ఇగిర్చి, మిగిలినది చక్కెరేనని చూపాడు; రోగి రక్తరసంలోనూ తీపిని కనుగొన్నాడు. 1889లో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అనే శాస్త్రజ్ఞులు కుక్క శరీరం నుండి క్లోమగ్రంథిని తొలగించగా దానికి మధుమేహం వచ్చినది. రోగానికి మూలం ఆ గ్రంథిలో ఉన్నదని అప్పుడు స్థిరపడినది.

మరి ఇబ్నె సీనా పొరపడినారని చెప్పడం ఆయన గౌరవానికి భంగమా? కానే కాదు. ఎందుకంటే పొరపాటును కనిపెట్టే సాధనాన్ని కూడా ఆయనే మన చేతికి ఇచ్చి వెళ్ళారు. 'ఖానూన్' రెండవ సంపుటంలో, మందు గుణాన్ని అనుభవం ద్వారా తెలుసుకోవడానికి ఆయన ఏడు షరతులు విధించారు. వాటి సారాంశం ఇది: మందులో బయటి నుండి వచ్చి చేరిన వేడి, చలువ వంటి గుణం ఉండరాదు. ఒకే రోగం ఉన్న మనిషిపై పరీక్షించాలి, పలు రోగాలు కలిసి ఉన్నవానిపై కాదు. పరస్పర విరుద్ధమైన రోగాలపై వాడి చూడాలి. మందు బలం రోగ బలానికి తగినట్లు ఉండాలి. ప్రభావం ఎంత సమయానికి కనిపించినదో గమనించాలి. అది ఒకసారి కనిపిస్తే చాలదు, ఎల్లప్పుడూ గాని, అత్యధిక సందర్భాలలో గాని కనిపించాలి. చివరిది, పరీక్ష మానవ శరీరంపైనే జరగాలి. జంతువుపై కనిపించిన గుణం మనిషికి రుజువు కాజాలదు.

ఆయన కంటే ముందే అబూబక్ర్ రాజీ (మరణం హి. 313 / క్రీ. 925) మెదడు పొరల వాపుతో వచ్చిన రోగులలో కొందరికి రక్తం తీసి, మరికొందరికి బుద్ధిపూర్వకంగా తీయక, ఇరువురి ఫలితాలను పోల్చి చూశారు. నేటి వైద్య పరిశోధనలో చికిత్స పొందినవారిని, పొందనివారిని పోల్చి చూసే పద్ధతికి ఇది తొలి రూపమని చెప్పవచ్చు.

మన విషయానికి ఇంకా దగ్గరైన ఉదాహరణ అబ్దుల్లతీఫ్ బగ్దాదీ (మరణం హి. 629 / క్రీ. 1231). ఆయన మధుమేహం ఒక్కదానిపైనే ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారు. అది 1971లో జర్మనీలో పరిష్కరించబడి వెలువడినది. ఇదే బగ్దాదీ ఈజిప్టులో ఉన్న కాలంలో కరువు వచ్చి అసంఖ్యాకంగా జనం మరణించగా, ఒక దిబ్బపై పోగుపడిన అస్థిపంజరాలను స్వయంగా పరిశీలించారు. క్రింది దవడ రెండు ఎముకల కలయిక అని గాలెన్ వ్రాసి ఉన్నాడు. వెయ్యేళ్ళుగా అందరూ దానినే వల్లించారు. బగ్దాదీ రెండు వేలకు పైగా పుర్రెలు చూసి, అది ఒక్కటే ఎముక అని తేల్చారు. గాలెన్ ఎంతటివాడైనా, అతని మాట కంటే కంటి సాక్ష్యం బలమైనదని ఆయన నిర్ణయం.

మధుమేహంపై గ్రంథం వ్రాసిన మన పూర్వుని వైఖరి ఇది. గురువును గౌరవించడం, గురువు మాటను పరీక్షించడం – ఈ రెండింటికీ ఆయన దృష్టిలో వైరుధ్యం లేదు.

మన్యం నుండి, మంచు కొండల నుండి

ఇక మూలికల సంగతి. యునానీ ఔషధాలలో మన కొండల పాలు ఎంత ఉన్నదో తెలిస్తే నరసన్నపేట పాఠకులు ఆశ్చర్యపోతారు. 'ఇత్రీఫల్' అన్న ప్రసిద్ధ యునానీ మందు పేరు మన 'త్రిఫల'కు అరబ్బీ రూపమే. దానిలోని 'హలీలా' మన కరక్కాయ. మహేంద్రగిరి పరిసరాలలోను, సీతంపేట మన్యంలోను సవరలు, జాతాపులు ఏరి తెచ్చే కరక్కాయలను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈనాటికీ కొంటున్నది. కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో 1641లో జామియా మస్జిదు కట్టించిన నాటికే ఈ 'హలీలా' అన్న పేరు ఎన్నో వందల సంవత్సరాలుగా అరబ్బీ, ఫార్సీ వైద్య గ్రంథాలలో ఉన్నది.

మన కొండలలో దొరకనివి హిమాలయాల నుండి వచ్చేవి. చెట్లు కూడా మొలవని ఎత్తులలో, ఏడాదిలో కొద్ది నెలలు మాత్రమే మంచు కరిగే చోట్ల పెరిగే మొక్కలు అవి. కటుకరోహిణి, అతివిష, జటామాంసి, చెంగల్వ కోష్టు వీటిలో ముఖ్యమైనవి. హదీసులలో ప్రస్తావించబడిన 'ఖుస్తె హిందీ'ని పండితులు సాధారణంగా ఈ చెంగల్వ కోష్టుతోనే గుర్తిస్తారు. అది కాశ్మీరు కొండలది. ఇటువంటి మొక్కలలో మందుగా వాడేది వేరు, దుంప. వేరు ఊరడానికి సంవత్సరాలు పడుతుంది. త్రవ్వితే మొక్కే పోతుంది. గిరాకీ పెరిగిన కొద్దీ కొండలు బోసిపోయాయి. చివరకు 1985 నుండి అడవిలో పెరిగిన చెంగల్వ కోష్టుపై అంతర్జాతీయ వ్యాపారం నిషేధించబడినది.

వీటిని శాస్త్రీయంగా పరిశీలించిన తొలి భారతీయులలో కల్నల్ రామ్‌నాథ్ చోప్రా ముఖ్యుడు. దేశీయ ఔషధాలపై ఆయన గ్రంథం 1933లో వెలువడినది. 1941లో జమ్మూలో నెలకొన్న ఔషధ పరిశోధనాలయం ఆయన నాయకత్వంలోనే పెరిగినది. అంగడిలో అమ్మే వేరు ఏ మొక్కది? దానిలో పనిచేసే పదార్థం ఏది? ఎంత మోతాదు? ఇవి ఆయన అడిగిన ప్రశ్నలు. ఇబ్నె సీనా షరతులకు ఇవి కొనసాగింపు కావని ఎవరు అనగలరు?

పేరు విషయంలో జాగ్రత్త ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. మన పచారీ దుకాణాలలో 'మానుపసుపు' అడిగితే పసుపు రంగు చెక్క ఇస్తారు. శాస్త్రాలలో చెప్పిన దారుహరిద్ర హిమాలయాలలో 2,000 మీటర్లకు పైన పెరిగే ముళ్ళపొద. దక్షిణాదిన అదే పేరుతో అమ్మేది చాలావరకు పడమటి కనుమల తీగ. రెండూ వేర్వేరు కుటుంబాల మొక్కలు; అయితే రెండింటిలోనూ బెర్బెరిన్ అనే పసుపు పదార్థం ఉన్నది. హిమాలయపు పొద నుండి తీసే 'రసౌత్' అరబ్బీ గ్రంథాలలో 'హుజజె హిందీ'. హకీములు దానిని కంటి మందుగా వాడేవారు, మధుమేహానికి కాదు. 2008లో చైనాలో 36 మంది రోగులపై జరిగిన ఒక చిన్న పరిశోధనలో బెర్బెరిన్ రక్తంలోని చక్కెరను మెట్‌ఫార్మిన్‌తో దాదాపు సమానంగా తగ్గించినట్లు కనిపించినది. ఆశాజనకమే. కాని 36 మంది చాలరు. పైగా శుద్ధి చేసి తూచిన పదార్థంపై వచ్చిన ఫలితం, దుకాణంలోని ఏ చెక్కో తెలియని పొడికి వర్తించదు.

పొడపత్రి, వేగిస, మెంతులు

మన వైపు మధుమేహానికి అందరూ చెప్పుకొనే మూలికలు మూడు. మొదటిది పొడపత్రి. ఉర్దూలో దీనిని 'గుడ్‌మార్' అంటారు, అంటే బెల్లాన్ని చంపేది. ఈ ఆకు నమిలి నోట చక్కెర వేసుకొంటే ఇసుక నమిలినట్లే ఉంటుంది. 1887లో ఉదకమండలంలో మద్రాసు ప్రభుత్వ ఉద్యోగిగా ఉన్న డేవిడ్ హూపర్ ఈ గుణానికి కారణమైన ఆమ్లాన్ని ఆకు నుండి వేరు చేశాడు. ఇక్కడ పాఠకులు ఒక్క విషయం మరువరాదు. నాలుకపై తీపి పోవడం వేరు, నెత్తుటిలో తీపి పోవడం వేరు. చేదు తింటే తీపి జబ్బు పోతుందన్న మాట వినడానికి బాగుంటుంది గాని శరీరం ఆ లెక్కన నడవదు. నెత్తుటి సంగతి తేల్చడానికి మరొక నూరేళ్ళు పట్టినది. 1990లో మద్రాసు పరిశోధకులు 22 మంది రెండవ రకం రోగులకు, వారు వాడుతున్న బిళ్ళలతో పాటే, రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం 18 నుండి 20 నెలలు ఇచ్చారు. చక్కెర తగ్గినది, 5 గురు బిళ్ళలు మానగలిగారు. మిగిలిన 17 మంది మానలేకపోయారు. ఈ రెండు అంకెలనూ కలిపి చెప్పినప్పుడే నిజం చెప్పినట్లు.

రెండవది వేగిస. ఈ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టినవాడు, సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగా ఉంటూ మన సర్కారు జిల్లాల మొక్కలను చిత్రింపజేసిన విలియం రాక్స్‌బర్గ్. కోరమాండల్ తీరపు మొక్కలపై అతని గ్రంథం 1795 – 1820 మధ్య మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండనులో వెలువడినది. వేగిస చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీరు పోసి ఉదయం త్రాగే అలవాటు మనలో చాలామందికి తెలుసు. భారత వైద్య పరిశోధనా మండలి దీనిని నాలుగు కేంద్రాలలో పరీక్షించి 1998లో ఫలితాలు ప్రకటించినది. కొత్తగా వ్యాధి బయటపడిన 97 మందిలో 67 మందికి, అంటే 69 శాతానికి, 12 వారాలలో చక్కెర అదుపులోకి వచ్చినది. మోతాదు రోజుకు 2 నుండి 4 గ్రాములు. అయితే వారు వ్యాధి తొలి దశలో ఉన్నవారు. క్రమం తప్పక రక్తపరీక్ష జరిగినది. మందు తూచి ఇవ్వబడినది. పదేళ్ళుగా వ్యాధి ఉన్నవారు చెక్క గ్లాసులోని నీటితో అదే ఫలితం ఆశించడానికి ఈ పరిశోధన ఆధారం కాజాలదు.

మూడవది మెంతులు, అరబ్బీలో 'హుల్బా'. వీటిపై మంచి కృషి జరిగినది మన హైదరాబాదులోనే. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1980 – 1990 దశకాలలో వరుసగా పరిశోధనలు చేశారు. 1990 నాటి ఒక పరిశోధనలో కొవ్వు తీసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాములు భోజనంలో చేర్చి ఇవ్వగా, మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గినది. మెంతులలోని జిగురు పీచు ఆహారంలోని చక్కెరను రక్తంలోకి నెమ్మదిగా పోనిస్తుంది. కాని 100 గ్రాములు ఎక్కడ, పోపులో వేసే చిటికెడు మెంతులు ఎక్కడ? పైగా ఆ పరిశోధనలోని రోగులెవరూ మెంతుల కోసం ఇన్సులిన్ మానలేదు.

మూలిక నుండి బిళ్ళకు

బిళ్ళలన్నీ పరాయివి, మూలికలే మనవి అన్న భావన ఎంత నిలుస్తుందో ఇప్పుడు చూద్దాం. నేడు ప్రపంచమంతటా రెండవ రకం మధుమేహానికి అత్యధికంగా వాడే మందు మెట్‌ఫార్మిన్. దాని వంశం వెదుకుతూ పోతే ఒక మొక్క దగ్గరకే చేరుతాము. యూరపులోను, పశ్చిమాసియాలోను పెరిగే గలేగా అనే మొక్క అది. దానిలోని గలెగిన్ అనే పదార్థం 1914లో వేరు చేయబడినది. ఆ జాతి పదార్థాలు రక్తంలోని చక్కెరను తగ్గిస్తాయని 1918లో తెలిసినది. కాని గలెగిన్ విషపూరితం. ఆ మొక్క మేసిన గొర్రెలు చనిపోతాయి. 1922లో డబ్లిన్‌లో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దానికి బంధువైన మెట్‌ఫార్మిన్‌ను తయారు చేశారు. ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని రోగులపై పరీక్షించి 1957లో ప్రకటించాడు. అమెరికా ప్రభుత్వం 1994లో గాని అనుమతించలేదు. 1998లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ దీర్ఘకాల పరిశోధన ఈ మందు స్థూలకాయులైన రోగులలో గుండెపోటును, మరణాలను తగ్గిస్తుందని చూపినది.

అంటే మొక్క త్రోవ చూపినది. విషాన్ని తొలగించి, మోతాదు తేల్చి, మేలును రుజువు చేసినది పరిశోధన. గలేగా ఆకునే నూరి త్రాగించి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు. ఇటీవలి మందులలో గ్లిఫ్లోజిన్లు అనేవి కూడా ఇటువంటివే. 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుండి తీసిన ఫ్లోరిజిన్ వాటికి మూలం. వాటిలో ఒకటి మందుగా యూరపులో అనుమతి పొందినది 2012లో.

మూలికతో ఏ సంబంధమూ లేని మందు ఇన్సులిన్. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో 14 ఏళ్ళ బాలునికి అది మొదటిసారి ఇవ్వబడినది. అంతకు పూర్వం మొదటి రకం మధుమేహం వచ్చిన పిల్లలు మరణించేవారు; ఏ వైద్యంలోనైనా సరే. ఆ రకం రోగికి ఇన్సులిన్ ఆపి మూలిక ఇవ్వడమంటే అతనిని 1922కు పూర్వపు రోజులకు పంపడమే.

మన జిల్లావారికి ఒక ప్రత్యేక హెచ్చరిక

మూలిక గనుక హాని ఉండదు అన్న మాట తరచుగా వింటాము. 1990 దశకం తొలి సంవత్సరాలలో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన వంద మందికి పైగా మూత్రపిండాలు చెడిపోయినవి. కారణం వాటిలో కలిసిన అరిస్టోలోకియా జాతి మొక్క. ఆ మొక్కలు క్యాన్సర్ కారకాలని కూడా రుజువైనది. మన చేలగట్లపై, కంచెలపై ప్రాకే నల్ల ఈశ్వరి ఆ జాతిదే. దాని వేరును నాటు వైద్యాలలో వాడుతూనే ఉన్నారు.

ఇది శ్రీకాకుళం జిల్లావారు మరింత శ్రద్ధగా ఆలోచించవలసిన విషయం. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస ప్రాంతాల ఉద్దానంలో మధుమేహంతో నిమిత్తం లేకుండానే వేలమందికి మూత్రపిండాలు చెడిపోతున్నవి. దాని కారణం ఇంకా తేలలేదు. పరిశోధన, చికిత్సల కోసం 2023లో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి ప్రారంభమయినది. ఇటువంటి జిల్లాలో మధుమేహంతో బ్రతికేవారు, మూత్రపిండాలకు మరొక భారం తెచ్చిపెట్టే పేరులేని పొడులను దరి చేరనీయరాదు. సంవత్సరానికి ఒకసారైనా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి. పొడి వాడగానే చక్కెర ఆశ్చర్యకరంగా పడిపోతే సంతోషించేముందు అనుమానించాలి. మూలికల పేరుతో అమ్మే పొడులలో అల్లోపతీ బిళ్ళలనే నూరి కలిపిన ఉదంతాలు పలు దేశాలలో బయటపడ్డాయి.

నిత్యజీవితం, రమజాను

మధుమేహం కుదిరిపోయే రోగం కన్న, కలిసి బ్రతకవలసిన రోగమని చెప్పడమే సరి. అందులో మందు ఒక భాగం మాత్రమే. తెల్ల అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం, నడక, కాళ్ళను రోజూ చూసుకోవడం, ఏటేటా కంటి పరీక్ష – ఇవన్నీ చికిత్సలే. మన వైపు చోడి అంబలి మంచిదని ఎంతైనా త్రాగుతారు. చోళ్ళు తెల్ల బియ్యం కన్న మేలే గాని, వాటిలోనూ పిండిపదార్థం ఉన్నది. జావగా కాచినది త్వరగా జీర్ణమై చక్కెరను పెంచుతుంది. చోడి అంబలికి కూడా కొలత ఉండాలి.

రమజాను విషయం మనకు మరీ ముఖ్యం. 2004లో ప్రచురితమైన ఒక సర్వేలో భారతదేశంతో సహా 13 దేశాలలోని 12,243 మంది మధుమేహ రోగులను విచారించారు. మొదటి రకం వారిలో 43 శాతం, రెండవ రకం వారిలో 79 శాతం కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నారు. తీవ్రంగా చక్కెర పడిపోవడం రమజానులో మొదటి రకం వారిలో సుమారు 4.7 రెట్లు, రెండవ రకం వారిలో 7.5 రెట్లు పెరిగినది. సహరీలో బిళ్ళ వేసుకొని, దానిపై పొడపత్రి పొడి కూడా పుచ్చుకొన్నవారికి మధ్యాహ్నం ఏమి కాగలదో ఊహించవచ్చు.

వ్యాధిగ్రస్తునికి ఉపవాసం వాయిదా వేసుకొనే అవకాశాన్ని దివ్య ఖుర్ఆన్ 'అల్ బఖరా' సూరాలో స్పష్టంగా ఇచ్చినది. ఆ సడలింపు అల్లాహ్ అనుగ్రహం. దానిని వినియోగించుకోవడం బలహీనత కాదు. ఉపవాసం ఉండదలచినవారు రెండు నెలల ముందే వైద్యుని సంప్రదించి మందు వేళలను, మోతాదులను మార్చుకోవాలి. వేలిని గుచ్చి రక్తపరీక్ష చేసుకొన్నంత మాత్రాన ఉపవాసం భంగం కాదని విద్వాంసులు చెప్పారు. చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2016లోను, సవరణలతో 2021లోను సూచించాయి.

ముగింపు

చికిత్స చేయించుకోండని, అల్లాహ్ ప్రతి రోగానికీ ఔషధాన్ని సృష్టించాడని దైవప్రవక్త (స) బోధించారు. ఆ ఔషధం ఏ ఆకులో ఉన్నదో, ఏ వేరులో ఉన్నదో, ఏ ప్రయోగశాలలో బయటపడుతుందో వెదకడం మనిషి బాధ్యత. రాజీ పోల్చి చూశారు. ఇబ్నె సీనా షరతులు విధించారు. బగ్దాదీ పుర్రెలు లెక్కించారు. వారిలో ఎవరూ పూర్వులు చెప్పారు గనుక చాలునని ఊరుకోలేదు. వారి వారసత్వం పొట్లంలోని పొడిలో లేదు, ఆ పొడిని తూచిన త్రాసులో ఉన్నది.

కనుక పొడపత్రి పెంచుకొందాం, వేగిసను కొండలపై నిలుపుకొందాం, మెంతులు తిందాం. వాటిపై మన విద్యార్థులు పరిశోధనలు చేయాలని కోరుకొందాం. కాని వైద్యునికి చెప్పకుండా ఏ మూలికా వాడవద్దు. మూలికను నమ్మి బిళ్ళను, ఇన్సులిన్‌ను మానవద్దు. వాడిన ప్రతిదానినీ రక్తపరీక్ష అనే సాక్షి ముందు నిలబెడదాం. సాక్ష్యం లేనిదే తీర్పు చెప్పరాదన్న నియమం న్యాయస్థానానికి ఎంత అవసరమో, మన శరీరానికీ అంతే అవసరం.